భూమి మనదేనట, చెట్టు మాత్రం పెట్టకూడదట!

పోస్టు కొంచెం పొడుగుంది. కొబ్బరి గాని, జీడి గాని, పనస గాని ఉన్నవాళ్లు ఆఖరి దాకా చదవండి.

గ్యాస్ పైపులైను మాట వస్తే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. ఒకరు "దేశానికి గ్యాస్ కావాల, అడ్డు పడకండి" అంటారు. ఇంకొకరు "పైపు వస్తే ఊరు తగలబడిపోతాది, రానీకండి" అంటారు. మధ్యలో తోట ఏటవుతాదో ఎవరూ చెప్పడం లేదు.

నేను గ్యాస్‌కి వ్యతిరేకం కాదు. మనం చల్లే యూరియా సహజవాయువుతోనే తయారవుతాది. దేశం వాడే గ్యాస్‌లో దగ్గరదగ్గర సగం బయట దేశాల నుంచి ఓడల్లో తెచ్చుకుంటున్నాం. 2030 నాటికి దేశం వాడే ఇంధనంలో గ్యాస్ వాటా 15 శాతానికి తేవాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మన గ్యాస్ మనం తీసుకోవడం మంచిదే. కాకినాడ దగ్గర సముద్రంలోని డీ6 బ్లాకు నుంచి 2009లో గ్యాస్ రావడం మొదలైంది. 2013లో షేల్ గ్యాస్ విధానం వచ్చింది. రాతి పొరల్ని నీటి ఒత్తిడితో పగలగొట్టి తీసే గ్యాస్ అది. మన తీరానికి దక్షిణాన కృష్ణా గోదావరి బేసిన్, ఉత్తరాన మహానది బేసిన్. ఈ రెండిట్లోనూ సముద్రం అడుగున మంచుగడ్డలా గట్టిపడ్డ గ్యాస్ ఉందని 2006లోనే ఓడలో వెళ్లి తవ్వి చూశారు.

ఎక్కడ తీసినా, ఎలా తీసినా, ఆ గ్యాస్ కదలాలంటే పైపు కావాల. ఆ పైపు పడేది ఎక్కువగా రైతు భూమిలోనే. శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్‌కి గెయిల్ పైపులైను మన జిల్లా నుంచే మొదలవుతాది. అది ఆఖరి లైను అనుకోకండి. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. పోర్టు చుట్టూ పరిశ్రమలంటున్నారు. వాటి వెనకాల పైపులు రాకుండా ఉంటాయా?

ఇక చట్టం సంగతి. పైపులైనులకి 1962లో చేసిన కేంద్ర చట్టం ఉంది. దాని ప్రకారం భూమి మన పేరు మీదే ఉంటాది. ప్రభుత్వం గాని, కంపెనీ గాని తీసుకునేది వినియోగ హక్కు మాత్రమే. "మీ భూమి ఎక్కడికీ పోదు, పైన మీరే పండించుకోండి" అని సర్వేకి వచ్చినవాళ్లు చెప్పేది ఇదే. చట్టం 9వ సెక్షన్ మాత్రం చెప్పరు. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు. నుయ్యి, చెరువు తవ్వకూడదు. చెట్టు నాటకూడదు. 10వ సెక్షన్ ప్రకారం ఈ హక్కుకి ఇచ్చేది నోటిఫికేషన్ నాటి భూమి విలువలో 10 శాతం. అదీ ఒక్కసారే.

వరి రైతుకి ఈ లెక్క కొంతవరకు సరిపోవచ్చు. పైపు మీటరుకి తక్కువ లోతులో వెయ్యకూడదు. కప్పేశాక మళ్లీ దున్నుతాడు, ఊడుస్తాడు. ఒకటి రెండు పంటలు పోతాయి, వాటికి పరిహారం వస్తాది. మరి ఉద్దానంలో మనం దున్నేదెంత? మన బతుకు చెట్టు మీద. చెట్టు పెట్టకూడని నేల మనకి దేనికి పనికొస్తాది?

మాటవరసకి లెక్క వేద్దాం. పట్టీ 20 మీటర్ల వెడల్పు, మన తోటలో 200 మీటర్ల పొడుగు అనుకోండి. ఇంచుమించు ఎకరం. 25 అడుగుల దూరంలో పెడితే ఎకరానికి 70 కొబ్బరి చెట్లు. చెట్టుకి ఏడాదికి 60 కాయలు, కాయ 10 రూపాయలు అనుకుంటే ఏడాదికి 42 వేలు. ఎకరం విలువ 20 లక్షలు కట్టారనుకుందాం. పది శాతం అంటే 2 లక్షలు. ఐదేళ్ల కాయ డబ్బు కూడా కాదు. మన నాటు కొబ్బరి అరవై ఏళ్లు కాస్తాది. పైగా విలువ కట్టేటప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలోని రేటు చూస్తే అది బజారు రేటుకి ఎంత దూరంలో ఉంటాదో మీకు తెలుసు.

"చెట్లకి వేరే డబ్బిస్తాం కదా" అంటారు. ఇస్తారు, నిజమే. అది ఈ రోజు ఉన్న చెట్టుకి. రేపు పెట్టబోయే చెట్టుకి లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తోటలు పడుకోబెట్టేసింది. అయినా ఉద్దానం మళ్లీ లేచింది. ఎలా లేచింది? పడిన చెట్టు పక్కనే మొక్క పెట్టాం. ఆ మొక్కలు ఇప్పుడిప్పుడే చేతికొస్తున్నాయి. పైపు పట్టీలో అలా కుదరదు. అక్కడ చెట్టు పోతే పోయినట్టే. మనవడు కూడా మొక్క పెట్టలేడు.

వేర్లు పైపుకి తగులుతాయి, మరమ్మతుకి దారి ఉండాల, అందుకే చెట్లు వద్దంటున్నాం అంటారు. ఆ కారణం నిజమే. 2014 జూన్ 27న కోనసీమలో నగరం గ్రామం దగ్గర గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పైపు మీద ఇల్లు, చెట్టు వద్దనడంలో తప్పు లేదు. కాని నిజమైన కారణానికి నిజమైన ధర కూడా కట్టాల కదా. అందరి క్షేమం కోసం ఒక్కడి తోట ఆగిపోతే ఆ ఖర్చు అందరూ మొయ్యాల, ఆ ఒక్కడే కాదు.

ఇంకో మాట. పైపులైను కంపెనీ పెట్టుబడి మీద పన్ను పోను 12 శాతం రాబడి వచ్చేలా నియంత్రణ బోర్డు రవాణా ఛార్జీ నిర్ణయిస్తాది. గ్యాస్ పారినన్నాళ్లూ కంపెనీకి ఆదాయం. నేల ఇచ్చిన రైతుకి ఒక్కసారి పది శాతం, అంతే. సెల్ టవర్‌కి రెండు సెంట్లు ఇచ్చినోడికి నెలనెలా అద్దె వస్తాది. పైపు కింద ఎకరం ఇచ్చినోడికి రాకూడదా? భూమి పూర్తిగా తీసుకుంటే 2013 చట్టం ప్రకారం దాని విలువ మీద ఇంకో నూరు శాతం కలిపి ఇవ్వాల. ఇక్కడ "భూమి తీసుకోవడం లేదు" అనే ఒక్క మాటతో నూరు పోయి పది మిగిలింది.

ఇది అడిగితే అభివృద్ధికి అడ్డం అంటారు. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు కాల్పుల్లో మనవాళ్ల ప్రాణాలు పోయాయి. బీల, తంపర భూముల మీద బతికేవాళ్లని అప్పుడూ అదే మాట అన్నారు. ఇప్పుడు నేను పైపు వద్దనడం లేదు. లెక్క సరిగా వెయ్యమంటున్నాను.

అడగాల్సినవి నాలుగు:

1. తోట భూములకి పది శాతం కాదు. గ్యాస్ పారినన్నాళ్లూ ఏటా కౌలు ఇవ్వాల. కాయ ధర పెరిగితే కౌలూ పెరగాల.

2. ముందు రోడ్డు పక్క, ప్రభుత్వ భూమి చూడాల. తోటల్లోంచి తప్పదంటే ఎందుకు తప్పదో గ్రామసభలో మ్యాపు పెట్టి చెప్పాల.

3. మన నేల కింద పారే గ్యాస్ పలాస జీడి బాయిలర్లకి, మన ఊళ్లకి అందేలా ఇక్కడే స్టేషన్ పెట్టాల. పెద్ద లైను పక్కన ఉన్నంత మాత్రాన పొయ్యి వెలగదు.

4. పైపు తనిఖీ రిపోర్టు ఏటా పంచాయతీ ఆఫీసులో అతికించాల.

మనం చెయ్యాల్సింది కూడా ఉంది. నోటిఫికేషన్ కాపీ ప్రజలకి అందుబాటులో పెట్టాక అభ్యంతరం రాయడానికి 21 రోజులే గడువు. కాంపిటెంట్ అథారిటీకి రాతపూర్వకంగా ఇవ్వాల, మన వాదన వినమని అడగాల. తర్వాత పరిహారం చాలకపోతే జిల్లా కోర్టుకి వెళ్లొచ్చు. ఆ 21 రోజుల్లో కాగితాలు వెతుక్కుంటే కుదరదు. ఇప్పుడే అడంగల్ తీసి చూడండి. అందులో మీ చెట్లు ఎక్కాయా, ఉత్త మెట్ట అని ఉందా? లేకపోతే బేగి రాయించుకోండి. చెట్ల లెక్క, వయసు, నుయ్యి, బోరు అన్నీ ఫొటోలతో దగ్గర పెట్టుకోండి. పక్కతోట రైతు సంతకం చెయ్యకముందే అతనితో కూర్చుని మాట్లాడండి. ఒక్కొక్కరూ విడివిడిగా సంతకం పెడితే ఊరంతా కలిసి అడగడానికి ఏమీ మిగలదు.

ఈ పోస్టు మీ ఊరి గ్రూపులో పెట్టండి. ఫోను చూడని పెద్దవాళ్లకి చదివి వినిపించండి. మీ ఊళ్లో ఇప్పటికే పైపు పడి ఉంటే, ఎంత పట్టీ పోయింది, చెట్టుకి ఎంత ఇచ్చారు అన్నది కింద కామెంట్లో రాయండి. పక్క ఊరికి ఎంత ఇచ్చారో తెలిస్తేనే మన ఊరికి ఎంత అడగాలో తెలుస్తాది.