ఎనిమిది వేస్తే చాలు

ఆదివారం పొద్దున్నే, చోరనూరు పక్కన ఒక బడి మైదానం. నలుగురు పిల్లలు ముగ్గుపిండితో నేల మీద పెద్ద ఎనిమిది గీశారు. నలుగురికీ కలిపి బండి ఒకటే, అదీ ఒకడి నాయనది. వంతుల ప్రకారం ఒక్కొక్కడూ ఆ గీత మీద తిరుగుతున్నాడు. గట్టు మీదున్న ముగ్గురూ అరిచి చెప్తున్న పాఠం కూడా ఒకటే: "కాలు కింద పెట్టొద్దురా, పెడితే ఫెయిలు!" అద్దం చూడమని ఎవడూ అనలేదు. అన్నా లాభం లేదు, బండికి అద్దాలు ఎప్పుడో పీకేశారు. మలుపులో ఇండికేటర్ వెయ్యమని ఎవడూ అనలేదు. హెల్మెట్టు ట్యాంకు మీద కూర్చుని ఉంది.

వాళ్ళలో మా అక్క మనవడొకడు. గట్టు మీద వాడి సంచీలో ఫిజిక్సు గైడుంది. పేజీ పేజీకీ పచ్చ గీతలు, పక్కన "ఇంపా." అని పెన్సిలు రాతలు. ఈ ఏడాది వాడికి పద్దెనిమిది నిండాయి. సెకండ్ పీయూసీ ఉంది. సబ్జెక్టుకు అరవై ప్రశ్నల సీఈటీ ఉంది. నూట ఎనభై ప్రశ్నల, 720 మార్కుల నీట్ ఉంది. వీటన్నిటి మధ్యలో ఎక్కడో ఎల్‌ఎల్‌ఆరూ, డీఎల్ టెస్టూ. మొదటి మూడింటికీ ట్యూషన్లున్నాయి, టెస్టు సిరీసులున్నాయి, గుడికి మొక్కులున్నాయి, తెల్లవారుజామున నాలుగింటికి లేపి కాఫీ ఇచ్చే అమ్మ ఉంది. చివరిదానికి ముగ్గుపిండి ఉంది.

నాకు మండేది ఇక్కడే. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు. ఆ పిల్లవాడి కొంప మునిగినట్టు ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఏడవనీ, వాళ్ళ బాధ వాళ్ళది. కానీ వాడు రాసే పరీక్షలన్నిట్లో, తప్పు చేస్తే ఎదుటివాడి ప్రాణం పోయేది ఒక్కటే ఉంది. ఆ ఒక్కదానికే చదువు లేదు, గురువు లేడు, సిగ్గు అసలే లేదు.

ఇది కర్ణాటకలోని సండూరు తాలూకా అని గుర్తుపెట్టుకోండి. ఒకవైపు దోణిమలై గనులు, ఒకవైపు తోరణగల్లు ఉక్కు కార్ఖానా. ఖనిజం లారీలు ఈ రోడ్ల మీద తిరగడం ఇవాళ నిన్నటి మాట కాదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారిలో తవ్వకాలు ఆపించినప్పుడు కొన్నాళ్ళు చెట్ల ఆకులు పచ్చగా కనిపించాయి. తర్వాత షరతులతో గనులు తెరుచుకున్నాయి, ఆకులు మళ్ళీ ఎర్రబడ్డాయి. లోడు లారీ ముందు పోతుంటే వెనక ఎర్రదుమ్ము తెర లేస్తుంది. ఆ తెర అవతల ఏముందో చూసుకోకుండా దాన్ని దాటడానికి మన పిల్లవాడు యాక్సిలరేటర్ తిప్పుతాడు. ఎనిమిది నేర్పిన విద్య అక్కడ పైసాకు పనికిరాదు.

2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. కేంద్ర రవాణా శాఖ తానే అచ్చేసిన లెక్క ఇది. అందులో హెల్మెట్టు పెట్టుకోకుండా పోయినవాళ్ళు 50,029 మంది. చచ్చినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది పద్దెనిమిదికీ నలభై అయిదుకీ మధ్య వయసువాళ్ళు.

నా బండారం కూడా బయటపెట్టకుండా ఇంకొకరిని తిట్టే హక్కు నాకు లేదు. ముప్పై ఏళ్ళ కిందట నాకు కారు లైసెన్సు వచ్చింది. ఒక పట్నంలో, ఆఫీసు గేటు ముందర, వేపచెట్టు కింద, రేకు బల్ల వేసుకుని ఒకాయన కూర్చునేవాడు. బల్ల మీద జిగురు సీసా, స్టాంపు ప్యాడు, రబ్బరు బ్యాండ్లు చుట్టిన దరఖాస్తుల కట్టలు. మూడు ఫొటోలు, రేషన్ కార్డు జెరాక్సు ఇచ్చాను. "కారు తేవాల్నా?" అని అడిగాను. "ఎందుకు సార్ శ్రమ" అన్నాడు. లోపల ఒక అధికారి తలెత్తి నన్నూ ఫొటోనూ ఒకసారి చూశాడు. అంతే, నా డ్రైవింగు టెస్టు ముగిసింది. నేను పాసైనట్టు నాలుగు రోజుల తర్వాత తెలిసింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు, సండూరు కొండ ఎక్కుడులో ఖనిజం లారీ ఒకటి నా ముందర ఆగింది. నేనూ ఆగాను. లారీ కదిలింది. నేను క్లచ్చి వదిలేలోపు కారు వెనక్కి జారింది. వెనక సైకిలు మీద శెనక్కాయల మూట పెట్టుకుని తోసుకొస్తున్న ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన దూకి తప్పుకున్నాడు గనక ఇది రాయగలుగుతున్నాను. సైకిలు ముందు చక్రం పళ్ళెంలా వంగింది, కాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. ఆయన నన్ను తిట్టలేదు. కాయలు ఏరుకుంటూ, "తోలేది రానోనికి ఎట్లిచ్చినారప్పా?" అన్నాడు. కారు గురించి అడిగాడో లైసెన్సు గురించి అడిగాడో నాకిప్పటికీ తెలియదు.

ఎక్కుడులో ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం. ఆ రోజు నాకు రాని ఈ పని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం కింద పరీక్షించాల్సిన వాటి జాబితాలో అచ్చయి ఉంది. దిగుడులో గేరు తగ్గించడం ఉంది, అద్దం సరిచేసుకోవడం ఉంది, వెనక్కి అదుపుగా పోనివ్వడం ఉంది. ఎల్‌ఎల్‌ఆర్‌కు సంబంధించిన 11వ నియమం ఇంకా పెద్దమనిషి తరహాలో ఉంటుంది: నీ బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే నీ బాధ్యత ఏమిటో నీకు తెలిసుండాలంటుంది. సిలబస్ ఇంత బాగుంది. క్లాసే లేదు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక కనీసం ముప్పై రోజులు ఆగాలని చట్టం ఎందుకు పెట్టింది? ముందూ వెనకా 'ఎల్' అక్షరం కట్టుకుని, లైసెన్సున్న మనిషిని తోడు పెట్టుకుని నేర్చుకోమని. మన దగ్గర ఆ ముప్పై రోజులు ఏజెంటు ఫోను కోసం ఎదురు చూసే రోజులు. ఇప్పుడు చాలాచోట్ల ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష ఆధార్‌తో కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడి నుంచైనా రాయొచ్చు. నేను చూసిన ఒక సెంటర్లో కెమెరాకు చూపించిన ముఖం పిల్లవాడిది, మౌసు మీద చెయ్యి ఇంకొకడిది. ఆ పిల్లవాడు తలొంచుకుని ఫోనులో క్రికెట్టు చూస్తున్నాడు.

ఇదంతా నీ ఒక్కడి అనుభవం అంటారేమో. 2004, 2005లలో ఢిల్లీలో లైసెన్సు కోసం వచ్చిన 822 మందిని వెంబడించి నలుగురు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక అధ్యయనం చేశారు, 2007లో అచ్చయింది. లైసెన్సు చేతికొచ్చినవాళ్ళలో నూటికి 71 మంది అసలు టెస్టుకే పోలేదు. విడిగా పరీక్ష పెట్టి చూస్తే నూటికి 62 మందికి బండి తోలడం రాదు. రాజధానిలో, సర్కారు ముక్కు కింద ఇదీ వైభోగం. మరి మా చోరనూరు హోబళి సంగతి ఎవరు లెక్కబెట్టారు?

2024లో నీట్ పేపరు బయటికొచ్చిందని దేశం అట్టుడికింది. పార్లమెంటు నుంచి సుప్రీంకోర్టు దాకా అదే రచ్చ. ఆ ఏడు జూన్‌లో పరీక్షల అక్రమాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది. ముఠా కట్టి చేస్తే పదేళ్ళ దాకా జైలు, కోటికి తగ్గని జరిమానా. మంచిదే, వెయ్యండి. యూపీఎస్సీ, రైల్వే, బ్యాంకులు, ఎన్టీఏ, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. వేపచెట్టు కింద రేకు బల్ల లేదు. అక్కడ పేపరు లీకవాల్సిన పని కూడా లేదు, పరీక్ష జరిగితే కదా లీకయ్యేది!

ఇంతకీ ఎందుకీ చిన్నచూపు? నా మటుకు కారణం ఇళ్ళలోనే ఉంది. చదవని పిల్లవాణ్ణి మనం ఏమని తిడతాం? "చదవకపోతే లారీ తోలుకుంటావు." పరీక్ష తప్పినవాడు చేసే పని తోలడం అని చిన్నప్పుడే చెవిలో పోస్తాం. అలాంటి పనికి పాఠమెందుకు, పరీక్షెందుకు? ఒకప్పుడు రవాణా బండి లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసవ్వాలని నియమం ఉండేది. 2019లో కేంద్రం తీసేసింది, చదువు కంటే నైపుణ్యం ముఖ్యమన్నది. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఎనిమిదో తరగతి సోషల్ పాఠం లారీ బ్రేకు వెయ్యదు. కానీ ఆ నైపుణ్యం నేర్పే చోటేది? నలభై టన్నుల బండి తోలేవాణ్ణి తయారు చేసే బాధ్యత ఇవాళ్టికీ క్లీనరుగా చేరినప్పుడు తిట్లు పెట్టే పాత డ్రైవరుదే.

తండ్రులనూ వదలను. పదిహేనేళ్ళ కొడుకు బండి మీద ముగ్గుర్ని ఎక్కించుకుని పోతుంటే "మావాడు బలే తోలుతాడు" అని మీసం దువ్వుతారు. మైనరు బండి తోలి నేరం చేస్తే తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా, ఆ పిల్లవాడికి పాతికేళ్ళొచ్చేదాకా లైసెన్సు లేదు. 2019 సవరణ ఇది, 199ఏ సెక్షను. ఇది చదివిన తండ్రి ఒక్కడు కనిపిస్తే చెప్పండి. ఇంకోవైపు, ఆ కొడుకు చేతికి బండి ఎందుకొచ్చిందన్నదీ అడగాలి. 2023 జూన్ 11 నుంచి రాష్ట్ర సర్కారు శక్తి పథకం కింద ఆడపిల్లలు బస్సులో ఉచితంగా కాలేజీకి పోతున్నారు. ఆడపిల్లలు బస్సెక్కితే మగపిల్లలు బండెక్కారు. వేళకు చాలినన్ని బస్సులుంటే ఈ నలుగురికీ ముగ్గుపిండితో పనేముంది?

పల్లెవాళ్ళు కూలి పోగొట్టుకుని పట్నానికి మూడుసార్లు తిరగగలరా, ఏజెంటు లేకపోతే ఎట్లా అంటారు. నిజమే, తిరగలేరు. అందుకే టెస్టు హోబళికి రావాలి. నెలకొక రోజు చోరనూరుకు ఇన్‌స్పెక్టరు రావాలి, ఆ రోజు ఎక్కుడులో ఆపి కదిలించమని అడగాలి. పీయూ కాలేజీలో ఏడాదికి పది క్లాసులు ఈ పాఠానికి ఇవ్వాలి. ఇది ఆకాశంలో చుక్కలు కోసుకురమ్మని అడగడం కాదు. ఎన్నికలప్పుడు ఇదే హోబళిలో ప్రతి పోలింగు బూతుకూ సిబ్బందిని పంపగలిగిన సర్కారే కదా.

ఈ రోగం మా ఒక్క వైపుదే కాదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి మిగతా బళ్ళారి మైసూరులో కలిసింది. ఇప్పుడు అటు పిల్లలది ఇంటరు, ఇటు పిల్లలది పీయూసీ. అటు ఈఏపీసెట్, ఇటు సీఈటీ. తోలే పరీక్షను మాత్రం ఆ సరిహద్దు గీత చీల్చలేదు, 1988 మోటారు వాహనాల చట్టం రెండు వైపులా ఒకటే. వేపచెట్టు కింద బల్ల కూడా రెండు వైపులా ఒకటే. తెలుగువాళ్ళమూ కన్నడిగులమూ ఇంత ఐకమత్యంగా ఇంకెక్కడా లేము.

దక్షిణ కొరియాలో చా సా-సూన్ అనే పెద్దావిడ ఉంది. కూరగాయలు అమ్ముకునేది. 2005లో రాతపరీక్ష మొదలుపెట్టి 2009లో తొమ్మిది వందల యాభయ్యోసారికి పాసైంది. తోలే పరీక్షలు కూడా అయి లైసెన్సు చేతికొచ్చేసరికి 960 ప్రయత్నాలయ్యాయి, ఆవిడకు 69 ఏళ్ళు. ఇది చెప్తే మావాళ్ళు పకపకా నవ్వారు. "ఒక ఏజెంటును పట్టుకోకపోయిందా?" అన్నాడు మా బావ. నేను నవ్వలేదు. తొమ్మిది వందల నలభై తొమ్మిదిసార్లు ఒక ముసలావిడకు కాదని చెప్పగలిగిన ఆ ఆఫీసంటే నాకు అసూయ.

పోయిన వారం ఆ నలుగురిలో మావాణ్ణి మా పాత మారుతిలో కూర్చోబెట్టుకుని ఎక్కుడుకు తీసుకుపోయాను. సగం కొండెక్కాక ఆపమన్నాను. ఆపాడు. హ్యాండ్‌బ్రేకు లాగించాను. ఇప్పుడు క్లచ్చి మెల్లగా వదులు, ఇంజను గొంతు మారినప్పుడు బ్రేకు తియ్యి అన్నాను. మొదటిసారి ఇంజను ఆగిపోయింది. రెండోసారి జానెడు వెనక్కి జారింది. మూడోసారి వాడు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి నావైపు తిరిగాడు.

"తాతా, ఇది టెస్టులో వస్తుందా?"