ఓటు కూలి కాదు

చదువురాని వారికి ఓటేల యను ప్రశ్న మన యరుగులమీద నేటికిని వినవచ్చుచునే యున్నది. దానికి తోడు మఱియొక వాదము బయలుదేరినది: యువకులందఱును కొంతకాలము సైన్యమున పనిచేయవలెనట, అట్లు చేసినవారికే ఓటుండవలెనట. దేశాభిమానము గలవారే యిట్లు పలుకుచుండుటచే దీనిని నవ్వి త్రోసివేయ వీలులేదు.

ఈ యేర్పాటు మన మెఱుగనిది కాదు. 1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టము ఓటును పన్నునకును, ఆస్తికిని, చదువునకును ముడివేసెను. కొలువు విడిచిన సిపాయిలకును, పింఛను పొందు సిపాయిల వితంతువులకును, తల్లులకును గూడ ఓటు నొసంగెను. ఇంత చేసినను రాష్ట్ర శాసనసభల కోటు గలవారు జనులలో నూటికి సుమారు 14 మందియే! శిస్తు కట్టు రైతునకు ఓటు గలదు. ఆ చేను దున్ను చదువురాని పాలేరునకు సాధారణముగా లేదు. మా పాఠకులలో పలువురి తాతలు ఆ 14 మందిలోనివారే కావచ్చును. వారు వివేకహీనులని మేమనము. 1937లో మద్రాసు రాజధానిలో కాంగ్రెసును గెలిపించినవారు వారే కదా. కాని ఓటడుగుటకై పాలేరు గుడిసె ముంగిట నిలువవలసిన యగత్యము నాడే యభ్యర్థికిని లేకపోయెను.

సైనికసేవ విషయమున ఇంగ్లండు చరిత్రము చూడదగినది. 1916లో నిర్బంధముగా యుద్ధమునకు పంపబడిన కార్మికులలో ఎందఱికో ఓటు లేదు. ప్రాణము నడుగవచ్చునుగాని యభిప్రాయము నడుగరాదా? 1918లో 21 ఏండ్లు నిండిన పురుషులకు ఓటిచ్చుటకు ఈ ప్రశ్న యొక ముఖ్యకారణము. ఆ చట్టమే అంతరాత్మకు విరుద్ధమని యుద్ధమునకు పోనివారి ఓటును అయిదేండ్లు లాగికొనెను. ఓటు కూలియైనచో, దొరకు కోపము వచ్చిననాడు కూలి నిలిచిపోవును. అమెరికాలోను 18 ఏండ్లవారిని వియత్నామునకు పంపి, 21 నిండినగాని ఓటీయమనుట చెల్లక, 1971లో రాజ్యాంగమును సవరించిరి. సేవను కోరిన యీ రెండు రాజ్యములును తుదకు ఓటును విరివిచేయవలసి వచ్చెను.

మన రాజ్యాంగము 326వ అధికరణమున వయోజనుల కందఱకును ఓటు నిచ్చినది. అక్షరాస్యులు నూటికి ఇరువదిమందికి లోపుగా నున్న 1951-52లో 17 కోట్లకు పైబడిన ఓటర్లతో మొదటి యెన్నిక జరిగెను. ఈ యధికరణమును మామూలు చట్టముతో తుడిచివేయరాదు. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు తరువాత, రాజ్యాంగమును సవరించు నధికారమునకును హద్దు గలదు.

నిర్బంధసేవ మాట వేఱు. ప్రజాప్రయోజనార్థమై దానిని విధింప 23వ అధికరణము రాజ్యమునకు వీలిచ్చినది. మతము, జాతి, కులము, వర్గము అను కారణములచేత మాత్రము భేదము చూపరాదన్నది. రెండవ ప్రపంచయుద్ధమున 25 లక్షల సైన్యము నిర్బంధము లేకయే చేరెను. 2022లో వచ్చిన అగ్నిపథమును స్వచ్ఛందమే. ఇక నిర్బంధము కావలెనన్నవారు ఓటు ప్రసక్తి లేకుండ బిల్లు తెత్తురు గాక. అందు మేము మొదట వెదకునది మినహాయింపుల పట్టిక: వైద్యుని పత్రముతో భూస్వామి కుమారుడు ఇంట నిలిచి, పాలేరు కుమారుడే సరిహద్దునకు పోవునా యని.