నెత్తురు వాళ్లది, ఫలం ఎవరిది?

వెనెజువెలాలో మరకాయిబో సరస్సు ఉంది. దాని అడుగున చమురు, ఒడ్డున చేపలు పట్టి బతికే పేదలు. ఆ చమురు ఎవరు తోడుకుపోయారో లోకానికి ఎరుకే. అక్కడి నుంచి తీసుకుపోయిన నెత్తురు ముచ్చట మాత్రం చాలామందికి తెలియదు.

హంటింగ్టన్ అనే జబ్బు ఉంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ముప్పై నలభై ఏండ్లు వచ్చేదాకా మనిషి ఎక్కువగా బాగానే ఉంటాడు. తర్వాత కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినవు. మాట ముద్దవుతుంది, తెలివి మసకబారుతుంది. చూసినవాళ్లు తాగి తూలుతున్నాడనుకుంటారు. 1968లో లాస్ ఏంజెలెస్‌లో ఓ పోలీసు లియొనోర్ వెక్స్‌లర్ అనే ఇల్లాలిని అట్లనే మందలించాడు. ఆమె తాగలేదు. ఆమె తండ్రినీ ముగ్గురు అన్నదమ్ములనూ మింగిన జబ్బే ఆమెకూ వచ్చింది.

ఆ తల్లి బిడ్డ నాన్సీ వెక్స్‌లర్. చదివింది మనస్తత్వ శాస్త్రం. దిగింది జన్యువుల వేటలోకి. 1979లో మరకాయిబో ఒడ్డుకు వెళ్లింది, 1981 నుంచి ఇరవై ఏండ్ల పాటు ఏటేటా పరిశోధక బృందాన్ని వెంటేసుకుని పోయింది. సూది చూసి జనం భయపడితే తన చేతి మీది మచ్చ చూపించింది. మాదీ ఇదే గోస, నేనూ ఇచ్చాను అని చెప్పింది. జనం నమ్మారు. నాలుగు వేల మందికి పైగా నెత్తురు ఇచ్చారు. పద్దెనిమిది వేల మందితో, పది తరాలతో వంశవృక్షం తయారైంది. 1983లో జేమ్స్ గుసెల్లా బృందం జబ్బు జాడ నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని తేల్చింది. 1993లో జన్యువే దొరికింది. అందులో సీఏజీ అనే మూడక్షరాలు 40 సార్లు, అంతకు మించి వరుసగా వస్తే జబ్బు తప్పదు.

అయితే అక్కడ ఆ జబ్బును ముందుగా గుర్తుపట్టింది ఎవరు? 1950లలోనే అమెరికో నెగ్రెట్టె అనే స్థానిక వైద్యుడు. ఈ ఆవిష్కరణ కథల్లో ఆయన పేరు ఎక్కడ వస్తుందో వెతికి చూడండి!

వెక్స్‌లర్ మీద మాకు ఫిర్యాదు లేదు. 1999లో ఆమె చొరవతో మరకాయిబోలో రోగుల కోసం ఓ ఆశ్రయం తెరిచారు. 2020లో తనకూ అదే జబ్బు ఉందని లోకానికి చెప్పింది. మా ఫిర్యాదు లెక్కల మీద. ఆ ఆశ్రయం మూతపడింది. వెనెజువెలా ఆర్థికంగా కుప్పకూలింది, కూడుకే కరువొచ్చింది. వణుకును తగ్గించే కొత్త మందుకు 2017లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఖరీదు ఏడాదికి పదుల వేల డాలర్లు. అది కూడా జబ్బును ఆపేది కాదు, కదలికలను తగ్గించేది మాత్రమే. నెత్తురు ఇచ్చిన జాలరి దాన్ని కొనగలడా?

విజ్ఞానం అందరి సొత్తు కదా అని కొందరు పెద్దమనుషులు అంటారు. నిజమే, పరిశోధన పత్రం అందరిదీ. మందు సీసా మాత్రం డబ్బున్నోడిది! 2025 సెప్టెంబరులో ఓ కంపెనీ మెదడులోకి నేరుగా ఎక్కించే జన్యుచికిత్స ఫలితాలు ప్రకటించింది. కొద్దిమంది రోగుల్లోనే అయినా జబ్బు వేగం 75 శాతం తగ్గిందని చెప్పింది. సంతోషమే. కానీ మెదడు శస్త్రచికిత్స చేసే ఆస్పత్రి మరకాయిబో మురికివాడ పక్కన ఉందా?

ఇంకో విడ్డూరం చూడండి. 1992 జీవవైవిధ్య ఒప్పందం ప్రకారం ఒక దేశపు మొక్క నుంచి, విత్తనం నుంచి లాభం వస్తే ఆ దేశానికి వాటా ఇవ్వాలి. పసుపు మీద అమెరికా ఇచ్చిన పేటెంటును 1997లో కొట్టేయించి మనం పండుగ చేసుకున్నాం. కానీ మనిషి జన్యువులు ఆ ఒప్పందం కిందికి రావని 1995లో తేల్చేశారు. ఆకుకు వాటా ఉంది, మనిషి నెత్తురుకు లేదు!

మన దగ్గరా మేనరికాల ఊర్లకు, ఆదివాసీ గూడేలకు సూదులు పట్టుకుని పరిశోధకులు వస్తూనే ఉంటారు. రావాలి, జబ్బుల గుట్టు తేలాలి. కానీ లాభంలో పాలు, పరిశోధన తర్వాత వైద్యం గురించి భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో రాసి ఉంది. చదువుకున్న పిల్లలు ఆ పుస్తకం పట్టుకుని, వేలిముద్ర వేయించుకునే కాగితంలో ఆ మాట ఏ వరుసలో ఉందో చూపించమని నిలదీయాలి.