డిష్‌వాషర్ మిగిల్చే డబ్బు ఎవరిది?



వచ్చే ఆదివారం మన నెలవారీ సమావేశంలో డిష్‌వాషర్ల గ్రూప్ బుకింగ్ చర్చకు వస్తోంది. పాతిక కుటుంబాలు చేరితే డీలర్ ధర తగ్గిస్తాడట. ఆర్డర్ సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్తుందట. దాంతోపాటు ఒక కరపత్రం మన వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. అందులో ముఖ్యంగా మూడు మాటలున్నాయి. చేత్తో తోమితే 100 లీటర్లు, మెషిన్‌లో 10 లీటర్లు. పనిమనిషి బెడద ఉండదు. పెట్టిన డబ్బు మూడేళ్లలో తిరిగొస్తుంది.

దానికి గ్రూపులో పెద్దలు కొందరిచ్చిన జవాబూ చదివాం. అమ్మలూ అమ్మమ్మలూ చేత్తోనే తోమారు, చేత్తో తోమితే పైసా ఖర్చు లేదు, ఈ సోకులు మనకెందుకు అని. దాని కింద బోలెడన్ని చప్పట్ల బొమ్మలు.

ఈ రెండు వాదనల్లో ఏదీ నిలవదని మేము అంటున్నాం. మేమంటే సంఘంలో కొన్ని కుటుంబాలవాళ్లం, పెన్నూ కాగితం పట్టుకుని ఈ లెక్క వేసినవాళ్లం. ఇద్దరి లెక్కలోనూ ఒకే అంకె లేదు. అది గిన్నె తోమే చెయ్యి. మెషిన్ కొనమనేవాళ్లు ఆ చేతి కూలిని లాభం కింద రాసుకున్నారు. వద్దనేవాళ్లు దాన్ని సున్నా కింద రాసుకున్నారు.

ముందు నీళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే బెంగళూరులో నీళ్లంటే అందరికీ భయమే. 2024 మార్చి ఎవరూ మరిచిపోలేదు. బోర్లు ఎండాయి, ట్యాంకర్ల వాళ్లు నోటికొచ్చిన ధర చెప్పారు. చివరికి జిల్లా యంత్రాంగం కలగజేసుకుని 12,000 లీటర్ల ట్యాంకర్‌కు 5 కిలోమీటర్ల లోపైతే 1,000 రూపాయలు, 10 కిలోమీటర్ల దాకా అయితే 1,200 రూపాయలు అని కట్టడి చేసింది. కావేరి నీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. ఆ ట్యాంకర్ ధర ప్రకారం లీటరు 10 పైసలు.

ఇప్పుడు కరపత్రం మాట అక్షరాలా నమ్ముదాం. రోజుకు 90 లీటర్లు మిగులుతాయి. 90 లీటర్లు ఇంటూ 10 పైసలు, 9 రూపాయలు. మెషిన్‌లో వేసే సబ్బు టాబ్లెట్ ఒక్కటే ఎంత తక్కువనుకున్నా 15 రూపాయలు. నీళ్ల మీద మిగిలిందంతా ఆ బిళ్ల ఒక్కటే మింగేసింది.

ఆ 100 లీటర్ల అంకె సంగతీ చెప్పుకోవాలి. ఇలాంటి పోలికలకు ఆధారంగా తరచుగా చూపేది జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంవాళ్లు చేసిన పరిశోధన. ఏడు యూరప్ దేశాలకు చెందిన 113 మంది చేత 12 మంది భోజనాల సామాను కడిగించారు. సగటున 103 లీటర్ల నీళ్లు, 2.5 యూనిట్ల కరెంటు అయ్యాయి. కరెంటు ఎందుకంటే వాళ్లు వేడినీళ్లతో కడుగుతారు. అక్కడి పొదుపులో పెద్ద భాగం ఆ వేడినీళ్లలోనే ఉంది. మన ఇళ్లలో అంట్లకు గీజర్ ఎవరు వేస్తారు? సంప్‌లోంచి పైన ట్యాంకుకు ఎక్కిన చన్నీళ్లే కదా. పైగా కొళాయి ధారగా వదిలి తోమే ఇల్లు వేరు, బక్కెట్టూ చెంబూ పెట్టుకుని తోమే ఇల్లు వేరు. మేము మా ఇళ్లకు ధారాళంగానే రోజుకు 60 లీటర్లు వేసుకున్నాం.

ఇక రోజువారీ లెక్క. నలుగురైదుగురున్న ఇల్లు, రోజుకు ఒకసారి మెషిన్ తిప్పుతారు అనుకుందాం. ధరలు సుమారుగా వేశాం, మీ ఇంటి అంకెలు మీరు మార్చుకోండి.

మెషిన్ ధర 40,000, పదేళ్లు పనిచేస్తే: రోజుకు 11 రూపాయలు.
టాబ్లెట్: 15.
ఉప్పు, రిన్స్ లిక్విడ్ (మన బోరు నీళ్ల గడుసుదనానికి ఉప్పు వేయక తప్పదు): 3.
కరెంటు, ఒక యూనిట్: 6.
నీళ్లు, 10 లీటర్లు: 1.
మొత్తం 36 రూపాయలు.

చేత్తో అయితే నీళ్లకు 6, సబ్బుకూ పీచుకూ 3. మొత్తం 9 రూపాయలు.

కరెంటు దగ్గర ఇంకో మెలిక ఉంది. గృహజ్యోతి కింద బిల్లు రాని కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మెషిన్ నెలకు 30 యూనిట్లు అదనంగా లాగుతుంది. ఇప్పుడు 180 దగ్గర ఉన్న ఇల్లు 210కి వెళ్తుంది. ఆ ఇంటికి డిష్‌వాషర్ కరెంటు ఖర్చు 30 యూనిట్లది కాదు, 210 యూనిట్లది. కరపత్రంలో ఈ ముక్క ఎక్కడా లేదు.

సరే, 36 ఎక్కడ, 9 ఎక్కడ? మరి మూడేళ్లలో డబ్బు ఎలా తిరిగొస్తుంది?

ఇలా వస్తుంది. అంట్లు తోమడానికే వచ్చే ఆమెకు నెలకు 1,500 ఇస్తున్నారనుకోండి. రోజుకు 50. ఆ 50ని చేత్తో తోమే ఖర్చుకు కలిపితే 59. మెషిన్ కొన్న ధర పక్కన పెడితే రోజూ అయ్యే ఖర్చు 25. తేడా 34 రూపాయలు. ఏడాదికి 12,410. మూడేళ్ల పైచిలుకులో 40,000 వచ్చేసింది. కరపత్రం చెప్పే మూడేళ్లు సరిగ్గా ఇక్కడ పుట్టాయి. నీళ్లలో పుట్టలేదు, కరెంటులో పుట్టలేదు, ఇంజనీరు తెలివిలోనూ పుట్టలేదు. ఒక ఆడమనిషి జీతం ఆపేస్తే పుట్టాయి. ఆమెను తీసేయండి అని చెప్పడానికి నోరు రాక, పనిమనిషి బెడద ఉండదు అని రాశారు.

ఆమె ఎవరు? కొందరిది రాయచూరు, కలబురగి. కొందరిది అనంతపురం, కర్నూలు. మనతో తెలుగులోనే మాట్లాడుతుంది, పక్కింట్లో కన్నడంలో మాట్లాడుతుంది. మనం అంట్లు అంటే అర్థమవుతుంది, వాళ్లు ముసురె అంటే అర్థమవుతుంది. మన తాతలు చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డు గల్లీలకు బతకడానికి వచ్చినట్టే ఆమె కూడా వచ్చింది, రెండు తరాలు ఆలస్యంగా. ఇలాంటి ఊళ్లో మనవాళ్లకు మనం తోడుండాలనే కదా సంఘం పెట్టుకున్నది? ఆ సంఘం లెటర్‌హెడ్ మీద ఆమె జీతం కోసే కాగితం వెళ్లాలా?

ఇంతటితో లెక్క అయిపోలేదు. ఆమెను మాన్పించాక మెషిన్ అన్నీ తనే చేసుకుంటుందా? మెతుకులు దులపాలి. ఒక్కొక్క కంచం వరసగా సర్దాలి. అయ్యాక తీసి అల్మారాలో పెట్టాలి. పులుసు అడుగంటిన గిన్నె ముందే నానబెట్టి గీకాలి. ఇనుప దోసెపెనం అందులో పెడితే తుప్పు. అల్యూమినియం బాణలి పెడితే నల్లబడుతుంది. ఇత్తడి, రాగి చెంబులు పెట్టకూడదు. సంగటి కలిపిన గుండు, తెడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజుకు గంట పని ఉన్న చోట అరగంట పని మిగిలే ఉంటుంది.

ఆ అరగంట ఎవరు చేస్తారు? కరపత్రం తెచ్చిన అన్నయ్యలు చేస్తారా? చేస్తామని ఆదివారం అందరి ముందూ చెబితే మేమే లేచి చప్పట్లు కొడతాం. కేంద్రం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో తేలిందేమిటంటే, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారు. కాబట్టి ఆ అరగంట ఎవరి నెత్తిన పడుతుందో జాతకం చూడనక్కర్లేదు. ఇంటావిడ నెత్తినే.

ఆ అరగంటకు అదే రేటు కడదాం. గంటకు 50 అయితే అరగంటకు 25. మెషిన్ 36, అరగంట 25, మొత్తం 61. చేత్తో 59. అయిపోయింది లాభం! పనిమనిషి దగ్గర కోసిన 50లో సగం ఇంటావిడ చేత ఊరికే చేయించుకుంటే తప్ప డిష్‌వాషర్ రూపాయి మిగల్చదు.

ఇప్పుడు రెండో పక్షం పెద్దలకు. మీ మీద గౌరవం ఉంది, కానీ చేత్తో తోమితే ఖర్చు లేదన్న మాట మీరు వెనక్కి తీసుకోవాలి. అమ్మమ్మలు బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమారు, నిజమే. పెరట్లో గొంతుకు కూర్చుని తోమారు, నడుం పట్టేసి లేవలేకపోయారు, అదీ నిజమే. వాళ్లకు ఎవరూ జీతం ఇవ్వలేదు కాబట్టి ఖర్చు లేదంటున్నారు. బయటి మనిషి చేస్తే గంటకు 50, అదే పని కోడలు చేస్తే సున్నా. ఏ కిరాణా కొట్టు నడిపినా ఇలాంటి పద్దు రాస్తే ఆడిటర్ ఒప్పుకుంటాడా? మనలో సగం మంది వ్యాపార కుటుంబాలవాళ్లమే. కొట్టులో కూర్చునే తమ్ముడికి జీతం పద్దు రాస్తాం. వంటింట్లో నిలబడే మనిషికి రాయం.

ఈ మెషిన్ చరిత్ర కూడా అదే చెబుతుంది. దాన్ని అమెరికాలో తయారుచేసి 1886లో పేటెంటు తీసుకున్నది జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ. నౌకర్లు తోముతుంటే ఖరీదైన పింగాణీ పెచ్చులూడుతోందని మొదలుపెట్టింది, డబ్బు మిగల్చడానికి కాదు. మొదట కొన్నది ఇళ్లవాళ్లు కాదు, హోటళ్లవాళ్లు. ఎందుకంటే హోటల్లో తోమే ప్రతి చేతికీ జీతం పద్దు ఉంటుంది, పూటకు వందల కంచాలుంటాయి. కూలి లెక్కకు ఎక్కే చోటే ఆ మెషిన్ లాభనష్టాలు తెలుస్తాయి. ఇంట్లో కూలి లెక్కకే ఎక్కదు, కాబట్టి ఎవరికి నచ్చిన అంకె వాళ్లు చెబుతున్నారు.

అయితే డిష్‌వాషర్ కొనకూడదా? కొనండి. భుజం నొప్పితో చెయ్యి ఎత్తలేని అక్కలు మనలో ఉన్నారు. పిల్లలు పరాయి దేశంలో ఉండి ఇద్దరే మిగిలిన పెద్ద దంపతులున్నారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాళ్లున్నారు. వాళ్లకు అరగంట మిగలడం చిన్న సంగతి కాదు. నీళ్లు లేని వేసవిలో 50 లీటర్లు మిగిలినా మేలే, రూపాయల్లో తక్కువైనా సరే. సుఖం కోసం కొంటున్నామని చెప్పి కొనండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఫ్రిజ్ కొన్నప్పుడు, వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు డబ్బు మిగులుతుందని కొన్నామా? పొదుపు అని పేరు పెట్టి కొంటే మాత్రం ఆ పొదుపు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పి తీరాలి.

అందుకని ఆదివారం మేము మూడు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి. మూడేళ్లలో డబ్బు తిరిగొస్తుందన్న కరపత్రానికి సంఘం పేరు, ముద్ర వాడకూడదు. గ్రూప్ బుకింగ్ కావాలంటే ఆ కుటుంబాలు విడిగా చేసుకోవచ్చు.

రెండు. మెషిన్ కొన్న సభ్యులు అంట్ల పని ఆపితే ఆమెకు నెల ముందు చెప్పాలి, ఒక నెల జీతం ఇవ్వాలి. వీలైతే అదే జీతానికి వేరే పని అప్పగించాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు 2004లోనే కనీస వేతనం నిర్ణయించిన రాష్ట్రంలో ఉన్నాం మనం. ఆ మాత్రం మర్యాద మనకు బరువు కాకూడదు.

మూడు. సంఘం హాలులో పండగ భోజనాలయ్యాక గుండిగలు, గరిటెలు తోమే పని ఇకమీదట ఆడవాళ్ల వంతు అని వదిలేయకూడదు. ఉగాదికీ, శ్రీరామనవమికీ అరిటాకులు వేస్తున్నాం కాబట్టి కంచాల బాధ లేదు. కానీ పులిహోర గుండిగ తనంతట తాను శుభ్రపడదు. కుర్చీలు మడతపెట్టే జాబితా లాగే గుండిగలు తోమే జాబితా కూడా వేద్దాం, అందులో కార్యవర్గం పేర్లు మొదట ఉండాలి.

మా అంకెల్లో ఎక్కడైనా తేడా ఉందనిపిస్తే మీ కరెంటు బిల్లు, ట్యాంకర్ రసీదు, మీ ఇంట్లో పనిచేసే ఆమెకు ఇచ్చే జీతం రాసుకుని రండి. ఆదివారం పదిన్నరకు హాలులో బోర్డు మీద అందరి ముందూ వేద్దాం. ఒక్క షరతు: తోమే చేతికి ఎంత అన్న గడి ఎవరూ ఖాళీగా వదలకూడదు.