దుకాణపు వారసత్వము – చీపురు వారసత్వము

బెంగళూరు తెలుగువారి అభ్యుదయమును గూర్చి మన సభలలో జరుగు ఉపన్యాసములు ఇంచుమించు ఒకే తీరున నడచును. 1537లో కోట కట్టించిన కెంపెగౌడ ప్రభువు తెలుగున యక్షగానము వ్రాసెనని ప్రతీతి; అచట మొదలిడి, పేటలలో మనవారి వర్తకము, వారు కట్టించిన గుడులు, సత్రములు, విద్యార్థి వసతిగృహములు వరుసగా వర్ణింపబడి, పూలదండలతోను కాఫీతోను సభ ముగియును. చెప్పినదానిలో అసత్యమేమియు లేదు. చెప్పనిది మాత్రము చాల గలదు.

2011 జనాభా లెక్కలలో కర్ణాటక రాష్ట్రమున తెలుగును మాతృభాషగా వ్రాయించుకొన్నవారు 35 లక్షలకు పైబడియున్నారు. రాష్ట్ర జనాభాలో ఇది నూటికి ఆరింటికి కొంచెము తక్కువ. మనము మహజరులలోను విజ్ఞప్తులలోను సగర్వముగా చూపు సంఖ్య ఇదియే. ఈ సంఖ్యలో చిక్కపేటలోని పట్టుబట్టల వర్తకుడు గలడు. ఆయన అంగడి తలుపు తీయకముందే దాని ముంగిటి వీథిని ఊడ్చిపోవు స్త్రీయు గలదు. లెక్కలు వ్రాయువారు ఇద్దరినీ ఒకే గడిలో వేసిరి. మనము సంఖ్య చెప్పునపుడు ఇద్దరినీ కలుపుకొని, చరిత్ర చెప్పునపుడు ఒకరినే చెప్పుకొనుచున్నాము.

ఈ నగరమున పౌరకార్మికులని పిలువబడువారిలో మిక్కిలి ఎక్కువమంది దళితులు. వారిలోను స్త్రీలే అధికులు. వారిలో పెక్కుమంది ఇంటిభాష తెలుగు. వారి పెద్దలు అనంతపురము, చిత్తూరు, కర్నూలు జిల్లాల మెట్టపల్లెల నుండియు, సరిహద్దున నున్న పావగడ వంటి తాలూకాల నుండియు వచ్చినవారు. ప్రతిదినము మన వాకిటికి వచ్చి ఆమె "హసి కస, ఒణ కస" అని తడి చెత్తను, పొడి చెత్తను వేర్వేరుగా అడుగును. మనము కన్నడముననే బదులిత్తుము. ఆమె తన ఇంటికి పోయి తెలుగు మాటాడును. మనము తలుపు వేసికొని తెలుగు మాటాడుదుము. ఒకే వీథిలో ఇరువది యేండ్లు ఈ సంభాషణ సాగినను, ఉభయులదియు ఒకే భాషయని తెలియని ఇండ్లు మన సభ్యులలోనే యున్నవి.

ఇరువురి పూర్వులును ఒకే దారిన వచ్చిరి. హిందూపురము, మదనపల్లె, ధర్మవరము వైపు నుండి కొందరు మూటలు మోసికొని వచ్చిరి. కొందరు వట్టి చేతులతో వచ్చిరి. 1876-78 నాటి ధాత కరవు రాయలసీమ పల్లెలను ఖాళీ చేసిన కాలమును ఇరువురి ఇండ్లలోను ముసలివారు చెప్పుకొనెడివారు. ఆ కరవు మైసూరు సంస్థానమును కూడ విడువలేదు. అయినను నగరమున ఏదో పని దొరకునను ఆశ జనమును ఇటు నడిపించినది. వచ్చిన దారి యొకటే యైనప్పుడు, నాలుగైదు తరముల పిమ్మట వారి మనుమల స్థితిగతులలో ఇంత అంతరమేల కలిగినదను ప్రశ్నకు జవాబు వెదుకుట మన పని.

కష్టపడినవారు పైకి వచ్చిరను జవాబు మన నాలుకపై సిద్ధముగా నుండును. వర్తకులు కష్టపడలేదని మేమనము. కాని వారి కష్టమునకు తోడైన ఏర్పాటు ఎట్టిదో చూడవలెను. పల్లె నుండి వచ్చిన కుఱ్ఱవాడు బంధువుల అంగడిలో గుమాస్తాగా చేరును. భోజనము యజమాని యింట. పడక అంగడి అరుగుపై. చిట్టా, ఆవర్జా వ్రాయుట నేర్చును. నాలుగైదేండ్లు నమ్మకముగా నున్నచో యజమానియే సరకు అరువిచ్చి వేరొక వీథిలో దుకాణము పెట్టించును, పిల్లనిచ్చుటయు కద్దు. చేతిలో కాసు లేకున్నను కులమువారి మాట మీద అప్పు పుట్టెడిది. ఆ దుకాణము కొడుకునకు వచ్చెను. పేటలోని ఆ స్థలము ధర మనుమని నాటికి అతని తాత కలలోనైన తలంపనంతగా పెరిగెను. కులసంఘపు వసతిగృహమున నుండి పిల్లలు చదివిరి. 1918లో మైసూరు మహారాజుగారు నియమించిన మిల్లరు సంఘము బ్రాహ్మణేతరులకు విద్యోద్యోగములలో ప్రోత్సాహము కలిగింపవలెనని సిఫారసు చేయగా, దాని ఫలము మన బలిజ, రెడ్డి, వైశ్య కుటుంబములలో పెక్కింటికి అందినది. బెళ్ళందూరు, వర్తూరు వైపుల రాగులు పండించుకొనుచుండిన తెలుగు రైతుల సంగతి వేరు: వారు పొలము వదలి ఎటును పోకుండగనే నగరము వారి గట్టు దాకా నడచి వచ్చినది. సాఫ్టువేరు కంపెనీలు వెలసిన పిమ్మట ఎకరము విలువ ఏమైనదో చెప్పనక్కరలేదు. ఇందులో కష్టమెంత, కాలము కలిసివచ్చుట యెంత యని ఎవరి మనస్సాక్షి నడిగి వారే తెలిసికొనవలెను.

ఇక చీపురు పట్టినవారి సంగతి. బెంగళూరున 1862లో నగరమునకొకటి, దండుకొకటిగా రెండు పురపాలక సంఘము లేర్పడినవి. 1949లో అవి కలిసి కార్పొరేషను ఆయెను. వీథులూడ్చుటకు, దొడ్లు శుభ్రపరచుటకు మనుష్యులు కావలసివచ్చినపుడు ఆ పనికి పిలువబడినవారు వీరే. పల్లెలో అంటరానివారైనవారికి పట్టణము ఇచ్చిన పనియు అంటరానిదే. అత్త చేసిన పని కోడలికి, భర్త చనిపోయిన పిదప భార్యకు సంక్రమించెడిది. అదియు వారసత్వమే, కాని దుకాణము వలె అది పెరుగదు. పైగా ఆ పని ఇంటి పేరువలె అంటుకొని, వేరు పని యడుగబోయిన కొడుకును వెనుకకు పంపును.

1970 దశకారంభమున మంత్రి బి. బసవలింగప్పగారు మలమును తలపై మోయించు ఆచారమును నిషేధింపజేసిరి. ఆ దశకమననే ఐ.పి.డి. సాలప్పగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము పారిశుద్ధ్య కార్మికుల స్థితిగతులను విచారించి, ఇందరు జనులకు ఇందరు పనివారుండవలెనని లెక్క కట్టినది. నగరము పెరిగినది, కొలువులు పెరుగలేదు. ఆ వెలితిని గుత్తేదారులు పూరించిరి. ఈ మార్పు యొక్క ఫలితము మనలో పెక్కుమందికి తెలియదు. పూర్వము కాయపు ఉద్యోగములో చీపురు పట్టినను నెలజీతము, పింఛను, రోగము వచ్చిన సెలవు ఉండెడివి. దాని ఆధారమున ఒక తరము తమ బిడ్డలను పదవ తరగతి దాకా చదివించినది. గుత్తపద్ధతి వచ్చి ఆ చిన్న మెట్టును కూడ లాగివేసినది. జీతము గుత్తేదారు చేతిలో, హాజరు మేస్త్రీ చేతిలో. తల్లి పొందిన భద్రత కూతురునకు లేకపోయెను. వర్తకుని కుటుంబము తరమునకొక మెట్టు ఎక్కుచుండగా, ఈమె కుటుంబము ఎక్కిన మెట్టు దిగినది.

2016లో వీరి కనీస వేతనము సుమారు 14 వేల రూపాయలుగా నిర్ణయింపబడినది. 2017లో గుత్తేదారులను తొలగించి, జీతము నేరుగా మహానగర పాలికెయే చెల్లించు పద్ధతి వచ్చినది. ఆ యేడే కొందరిని ప్రభుత్వము సింగపూరునకు పంపి అచటి పారిశుద్ధ్యమును చూపించినది. విమానమెక్కి వచ్చినవారికి ఇచట కొలువు కాయము చేయుటకు మాత్రము ఇంకను ఎనిమిదేండ్లు పట్టినది. 2022 జూలైలో రాష్ట్రవ్యాప్తముగా పని నిలిపివేసిన పిమ్మట ప్రభుత్వము మాట ఇచ్చెను. 2025 మే 1వ తేదీన ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు బెంగళూరున 12 వేలకు పైగా కార్మికులకు నియామకపత్రములు పంచిరి. వారి జీతము ఇంచుమించు రెండింతలైనది. ఇది సామాన్యమైన విజయము కాదు. దానిని సాధించినది వారి సంఘములే. ఆ పోరాటమున మన భాషాసంఘములు తీర్మానమొకటైనను చేసినట్లు మాకు జ్ఞాపకము లేదు. చెత్తబండ్లు నడుపు డ్రైవర్లు, వాని వెంట నడచు సహాయకులు ఆ పత్రములు పొందినవారిలో లేరు.

"వారికి రిజర్వేషను లున్నవి గదా" యను మాట తరచు వినబడును. 1950 ఆగస్టు 10వ తేదీ నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి షెడ్యూల్డు కులపు హక్కు ఆనాడు ఆయా ప్రాంతమున స్థిరవాసమున్న కుటుంబమునకు చెందును. పిమ్మట వేరొక రాష్ట్రము నుండి వచ్చినవారికి వలస వచ్చిన రాష్ట్రమున ఆ హక్కు లేదని 1990లో మఱ్ఱి చంద్రశేఖరరావు వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కాగా, 1950 నాటికే తన తాత ఇచట నుండెనని ఊడ్చువాని మనుమడు నిరూపించుట యెట్లు? ఇంటి పట్టా లేదు. అద్దె రసీదు లేదు. బడి రిజిస్టరులో పేరు లేదు. వర్తకుని మనుమనికి తాతనాటి క్రయపత్రములు ఇనుప పెట్టెలో భద్రముగా నుండును, కాని కులపత్రము అతనికి అంత అవసరము లేదు. కాగితము కావలసినవానికి కాగితము లేదు.

సముద్రము దాటినవారిని చూడుడు. మారిషస్ చెఱకు తోటలకు ఒప్పందపు కూలీలుగా కోరంగి రేవు నుండి పోయిన తెలుగువారి మనుమలకు నేడు ఆ దేశమున ఉగాది సెలవుదినము. సర్కారు బడులలో తెలుగు బోధింపబడును. 1970లో నెలకొల్పబడిన మహాత్మాగాంధీ సంస్థలో దాని కొక విభాగమే యున్నది. వేల మైళ్ళు పోయిన కూలీ మనుమడు తెలుగువాడుగా ఎన్నబడుచున్నాడు; నూరు మైళ్ళు నడచి బెంగళూరు వచ్చిన కూలీ మనుమడు మన లెక్కకు రాలేదు. భాష విషయమున ఒక్కదానిలో మాత్రము ఇచటి రెండు వర్గములకును సమానత్వము సిద్ధించినది: ఇంగ్లీషు బడికి పోయిన వర్తకుని మనుమడును, కన్నడ బడికి పోయిన పౌరకార్మికుని మనుమడును, ఇరువురును ఈ పత్రికను చదువలేరు.

ఇక మనకు నేరుగా తగులు సంగతికి వత్తుము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రయివేటు పాఠశాలల మొదటి తరగతిలో నాలుగవ వంతు స్థానములు బీదపిల్లల కియ్యవలెనని విధించినది. రాజ్యాంగపు 30వ అధికరణము క్రింద నడచు అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఈ చట్టము వర్తింపదని 2014 మే 6వ తేదీన సుప్రీముకోర్టు తీర్పునిచ్చెను. అల్పసంఖ్యాకులనగా మతమును బట్టియే గాక భాషను బట్టియు. అందువలన కన్నడేతర భాషల పేరిట ఈ హోదా పొందిన పాఠశాలలు మన రాష్ట్రమున పెక్కు గలవు. తెలుగు పేరిట పొందినవియు గలవు. 2019 నుండి సర్కారు బడి దగ్గరలో నున్నచోట తక్కిన ప్రయివేటు బడులకును ఈ బాధ్యత తప్పించబడినది. 2014 తీర్పును విస్తృత ధర్మాసనము మరల పరిశీలింపవలెనని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడిరి. అది తేలుటకు కాలము పట్టును.

మేమడుగునది చట్టమును గూర్చి కాదు. తెలుగువారి పిల్లల విద్యాసంస్కృతుల రక్షణకని హోదా తీసికొని, ఆ హోదాను అడ్డము పెట్టి తెలుగు మాటాడు పౌరకార్మికురాలి బిడ్డకు తలుపు వేయుట ఏమి న్యాయము? ఆ తల్లి ఆరు గంటలకే ఇల్లు వదలి హాజరు వేయించుకొనవలెను. బిడ్డకు తలదువ్వి బడికి పంపువారు ఇంట నుండరు. మన బడులలో పెక్కు ఆమె ఊడ్చు వీథిలోనే యున్నవి. ఒక శతాబ్దికి పూర్వము మైసూరు సంస్థాన విద్యాశాఖను నడపిన చిత్తూరు జిల్లావాడు, కట్టమంచి రామలింగారెడ్డిగారు, పంచమ బాలురకు సర్కారు బడుల తలుపులు తెరచుటకు పాటుపడెను. ఆయన చిత్రపటము కట్టుటకు మన గోడలపై చోటు ఎప్పుడును కలదు.

మన సభ్యులలో పలువురు అట్టి పాఠశాలల పాలకవర్గములలో నున్నారు. చట్టము అడుగకున్నను, మొదటి తరగతిలో కొన్ని స్థానములు పౌరకార్మికుల బిడ్డలకు జీతము లేకుండ ఇచ్చుటకును, ఉదయము ఆరున్నరకే పిల్లలను దింపిపోవుటకు వీలుగా ఒక గది తెరచి ఆయానుంచుటకును వారిని కోరుచున్నాము. కులపత్రముల విషయమున సాయము చేయగల న్యాయవాదులు, రెవెన్యూశాఖలో పనిచేసి విశ్రమించినవారు మన కుటుంబములలో కొల్లలుగా నున్నారు. వారానికొక సాయంకాలము మన కార్యాలయమున కూర్చుండుటకు ఇష్టపడువారు పేర్లు తెలుపవలెను. ప్రవేశములు వేసవికి ముందే ముగియును గనుక, పాలకవర్గములకు సంక్రాంతిలోగా లేఖలు పంపుచున్నాము. వచ్చిన జవాబులను, ఒప్పుకొన్నవానిని, ఒప్పుకొననివానిని గూడ, ఈ పత్రికలో ప్రకటింతుము.