మా నాయనమ్మను తెల్లగా చెయ్యకండి

సావనీరులో రాయడానికి దేశంలో ఇన్ని సమస్యలుండగా ఒక పాత ఫోటో గోల ఎందుకయ్యా అని మిత్రులు అనవచ్చు. అననివ్వండి. గొడవ మా నాయనమ్మది కాబట్టి నేను ఊరుకోలేను.

నాయనమ్మకి ఉన్నది ఒకటే ఫోటో. 1980లో, రాత్రిపూట కళ్ళంలో నూర్పిళ్ళు జరుగుతుంటే, పట్నంలో స్టూడియోలో పనిచేసే మా చుట్టం ఒకాయన పెట్రోమాక్స్ లైటు వెలుగులో తీశాడు. బ్లాక్ అండ్ వైట్. ముప్పాతిక వంతు చీకటే. లైటు పక్కన చేట పట్టుకుని నాయనమ్మ. మనిషి నలుపు, చీర తెలుపు. ఫోటోని ఎండలోకి పట్టుకెళ్ళి కాస్త ఏటవాలుగా చూస్తే, వెనక ధాన్యపు రాశి మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఐదేళ్ళ పిల్లాడొకడు కనిపిస్తాడు. ఆ పిల్లాడు మా నాన్న.

మన విద్యార్థుల ఇళ్ళలో ఉన్న పాత ఫోటోలన్నీ ఇంటర్నెట్‌లో పెడదామని మిత్రులు కొందరు తలపెడితే నేనూ దీన్ని స్కాన్ చేసి ఇచ్చాను. హాస్టల్లో రాత్రి ఒకడి లాప్‌టాప్‌లో చూస్తే బాగానే ఉంది. మర్నాడు లాబ్‌లో కిటికీ పక్కనున్న మానిటర్‌లో చూస్తే లైటూ చీరా మాత్రమే మిగిలాయి. నాన్న లేడు! అప్పుడొక మిత్రుడు, మంచి ఉద్దేశంతోనే, బొమ్మంతటికీ వెలుగు పెంచాడు. నాన్న బయటికొచ్చాడు గాని, నాయనమ్మ మొహం బూడిద పూసినట్టయింది. రాత్రి కాస్తా మబ్బుపట్టిన పగలయింది. ఇంటికి పంపితే నాన్న ఫోన్లో అడిగిన మాట: "ఎవర్రా ఈవిడ?"

భౌతికశాస్త్రం చదివేవాణ్ణి కనుక కాస్త లెక్క వేసి చూశాను. ఫైలులో ఒక్కొక్క చుక్కకి 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది. 128కి సగం వెలుగు వస్తుందనుకుంటాం. రాదు, తెలుపులో సుమారు 22 శాతమే వస్తుంది. అంకెకీ వెలుగుకీ మధ్యనున్న ఈ వంపునే గామా అంటారు. పాత మాకింటాష్‌లు 1.8 గామాతో నడిచేవి, మిగతావి 2.2తో. 2009లో గాని మాకింటాష్‌లు 2.2కి మారలేదు. నాన్న కూర్చున్నచోట అంకె 20 అనుకోండి. 1.8 లెక్కన ఒక శాతం వెలుగొస్తుంది, 2.2 లెక్కన శాతంలో మూడోవంతు పైచిలుకు. ఒకటే ఫైలు, దాదాపు మూడింతల తేడా! 1999లో ఎస్‌ఆర్‌జీబీ అంతర్జాతీయ ప్రమాణమైంది నిజమే, కాని ప్రతి తెరా దాన్ని పాటించాలి కదా.

ఇక గది సంగతి. తెర తెలుపు చదరపు మీటరుకి 250 కాండెలాలు, కాంట్రాస్టు 1000కి 1 అనుకుంటే, దాని నలుపే పావు కాండెలా. నాన్న వాటా సుమారు ఒక కాండెలా. కిటికీ వెలుగు తెరమీద పడి ఇంకో రెండు మూడు కాండెలాలు తిరిగొస్తే పాపం ఆయన కనబడేదెక్కడ?

మిర్చి పండించే ఇళ్ళవాళ్ళకి ఇది వింత కాదు. యార్డులో షెడ్డు నీడన టిక్కీ విప్పితే కాయ నల్లబడిందని రేటు కొట్టేస్తారు. అదే కాయ బయట ఎండలో నిగనిగలాడుతుంది. అంతమాత్రాన కాయకి రంగు పూసి తీసుకెళ్ళం. అలా చేస్తే కల్తీ కేసు!

హార్లెమ్‌లో పుట్టిన నల్లజాతి ఫోటోగ్రాఫర్ రాయ్ డెకరావా (1919–2009) తన బొమ్మల్ని ముదురు ఛాయల్లో చీకటిగానే అచ్చువేసేవారు. 1953 నాటి 'హాల్‌వే'లో ఉన్నది ఒక ఇరుకు నడవా, మసక వెలుగూ, అంతే. దానికి వెలుగు పెంచితే మిగిలేది ఉత్త గోడలు. ఆ చీకటి లోపమని ఎవరూ అనరే! మా చుట్టం పేరులేనివాడు గనక ఆయన చీకటి లోపమైపోయిందా?

"నీ ఫోటో కోసం జనం మానిటర్లు సరిచేసుకుంటారా?" అని అడిగారు. చేసుకోరు, ఒప్పుకుంటాను. మా నాన్నే చేసుకోడు. మొన్న సంక్రాంతికి నేనే రాత్రి లైట్లార్పి, ఫోను వెలుగు పూర్తిగా పెంచి, అసలు ఫైలు చూపించాను. చాలాసేపు చూసి, "అమ్మ కాళ్ళ కడియాలు కూడా పడ్డాయే" అన్నాడు. అవి అప్పటిదాకా నేను గమనించనే లేదు.

కనుక నేను కోరేదిది. బొమ్మ కింద నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా ఒక పట్టీ పెట్టండి. చీకటివైపు మెట్లు విడివిడిగా కనబడకపోతే లోపం తన తెరదో గదిదో అని చూసేవాడు తెలుసుకుంటాడు. చుట్టూ తెల్లని పేజీ వద్దు, ముదురు బూడిదరంగు వెయ్యండి. కన్నుకి చీకటి భాగం కొంచెం తేటపడుతుంది. వెలుగు పెంచిన ప్రతి కావాలంటే పక్కన వేరేగా పెట్టి, పెంచామని రాయండి. అసలు దాని జోలికి మాత్రం పోవద్దు.

పట్టీ చెయ్యడానికి అరగంట చాలు. ఎవరికైనా కావలిస్తే నేనే చేసిస్తాను. సాయంత్రాలు లాబ్‌లోనే ఉంటాను, కిటికీ తలుపు వేసుకుని.