గల్ఫ్‌కు వెళ్లే మన ఆడపిల్లలు – నర్సింగు చదువు సంగతేమిటి?

రాయచోటి, కడప ప్రాంతాల్లో కువైట్‌కు వెళ్లిన మనిషి లేని వీధి అరుదు. మగవారు డ్రైవర్లుగా, ఆడవారు ఖద్దామాలుగా వెళ్లడం కొన్ని దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. అదే కువైట్ ఆసుపత్రుల్లో పనిచేసే మన దేశపు నర్సుల్లో ఎక్కువమంది కేరళ అమ్మాయిలు. మన అమ్మాయిలు ఆ వరుసలో ఎందుకు కనిపించరన్నది ఆలోచించవలసిన విషయం.

నర్సింగు అనగానే మన ఇళ్లలో ముందు వచ్చే మాట రాత్రి డ్యూటీ, పరాయి మగవారికి సేవ. పర్దా పాటించే కుటుంబానికి ఇది నిజమైన చింతే, కొట్టిపారేయదగింది కాదు. అయితే ఖద్దామా పని మాటేమిటి? 2015లో కువైట్ ఇంటిపనివారి కోసం చట్టం తెచ్చి వారానికొక సెలవు రాసింది గాని, మూసిన తలుపు వెనుక అది దొరకడం యజమాని దయ. అలాంటి ఇంటికి ఆడబిడ్డను పంపడానికి ఒప్పుకున్నవారు, పదిమంది మధ్య షిఫ్టు ప్రకారం చేసే ఆసుపత్రి పనికి అడ్డు చెప్పడం నాకైతే అర్థం కాదు. ప్రవక్త (స) కాలంలో రుఫైదా (ర.అ) మదీనా మస్జిదులో గుడారం వేసి క్షతగాత్రులకు చికిత్స చేసిన సంగతి సీరత్ చదివినవారికి తెలిసిందే.

ఇంటర్ బైపీసీ చదివినవారికి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగు ఉంది. ఇతర గ్రూపులవారు మూడేళ్ల జీఎన్ఎంలో చేరవచ్చు. చేరే ముందు ఆ కాలేజీకి నర్సింగు కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో చూసుకోవడం తప్పనిసరి. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ఇక్కడా అక్కడా నర్సు ఉద్యోగం లేదు. విదేశీ ఆసుపత్రులు చాలావరకు రెండేళ్ల అనుభవం కూడా అడుగుతాయి. సౌదీ, దుబాయి వంటి చోట్ల లైసెన్సు పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ అదనం. కాబట్టి చదువు పూర్తి కాగానే విమానం ఎక్కిస్తామనే ఏజెంటు మాట నమ్మరాదు.

ఏజెంట్ల సంగతి మరికొంత చెప్పాలి. 2015లో కొచ్చిలో ఒక కేసు బయటపడింది. కువైట్ నర్సు ఉద్యోగానికి తీసుకోవలసిన రుసుము 19,500 రూపాయలు కాగా, ఒక్కొక్కరి దగ్గర 19.5 లక్షలు వసూలు చేశారన్నది ఆరోపణ. ఆ ఏడాదే కేంద్రం 18 దేశాలకు వెళ్లే నర్సులకు ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి చేసి, ఎంపికను ప్రభుత్వ సంస్థల చేతికి అప్పగించింది. మన వైపు ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ఊళ్లో ఏజెంటు ఇంటికి వెళ్లే ముందు ఒకసారి అక్కడ అడగడానికి ఖర్చేమీ లేదు.

ల్యాబ్ టెక్నీషియన్, రేడియాలజీ, ఫిజియోథెరపీ కోర్సులవైపు కూడా మన పిల్లలు వెళ్తున్నారు. మంచిదే. మన ఆసుపత్రుల్లో ఆ పని ఉంది. గల్ఫ్‌నే నమ్ముకుని చేరేవారు మాత్రం ఒక మార్పు గమనించాలి. 2025లో సౌదీ ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రేడియాలజీ, ల్యాబ్, పోషకాహారం, ఫిజియోథెరపీ ఉద్యోగాల్లో తన పౌరుల వాటాను పెంచింది. ఆ నిర్ణయంలో నర్సింగు లేదు.

ఇక సీటు విషయం. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. షేక్‌లు ఇందులోకి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు రావు. దూదేకులవారు బీసీ–బి. అర్హత ఉండి కూడా సర్టిఫికెట్ చేతిలో లేక కన్వీనర్ సీటు పోగొట్టుకుని, యాజమాన్య కోటా ఫీజు కోసం అప్పులు వెతికే తండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కౌన్సెలింగ్ ప్రకటన వచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే పత్రం సమయానికి అందకపోవచ్చు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే కుల, ఆదాయ ధ్రువపత్రాలకు దరఖాస్తు పెట్టండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకే తీరుగా ఉందో లేదో కూడా అప్పుడే సరిచూసుకోండి. పాస్‌పోర్టు దగ్గర ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.